ఆయిల్ పంపు గేర్లు: సందు కొలిస్తే తెలిసే సంగతి

లారీ, బస్సు, టిప్పర్ వంటి భారీ వాహనాల ఇంజిన్‌లో బలం పుట్టేది సిలిండర్లలోనే అయినా, ఆ బలాన్ని మోస్తూ ఇంజిన్ లక్షల కిలోమీటర్లు నిలబడటానికి కారణం ఇనుముకు ఇనుము తగలకుండా మధ్యలో నిలిచే పలుచని నూనె పొర. ఆ పొర తెగిపోకుండా ఎప్పటికప్పుడు నూనెను అందిస్తూ ఉండేది ఆయిల్ పంపు. ఇంజిన్ అడుగున ఆయిల్ చాంబర్‌లో, అంటే సంపులో, నిల్వ ఉండే నూనెను తోడి, కూలర్ మీదుగా, ఫిల్టర్ మీదుగా క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు, కనెక్టింగ్ రాడ్ బేరింగులకు, కామ్ షాఫ్ట్‌కు, రాకర్లకు, టర్బోచార్జర్‌కు, ఎయిర్ బ్రేకుల కంప్రెసర్‌కు పంపించే ఈ యంత్రం లోపల ఉండేవి పళ్లలో పళ్లు కలిసి తిరిగే రెండు గేర్లు మాత్రమే. వీటి ఖరీదు ఇంజిన్ మొత్తం ఖరీదులో చాలా చిన్న భాగం. ఇవి దెబ్బతింటే పోయేవి మాత్రం బేరింగులు, క్రాంక్ షాఫ్ట్, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకు కూడా. అయినా వర్క్‌షాపుల్లో పిస్టన్లకు, లైనర్లకు, నాజిళ్లకు దక్కే శ్రద్ధ వీటికి దక్కడం లేదు. ప్రెషర్ పడిపోతే పంపునే మార్చేయడం, పడిపోకపోతే దాన్ని విప్పనైనా విప్పకుండా వదిలేయడం అనే రెండు అలవాట్ల మధ్య, దాన్ని కొలిచి చూడటం అనే అసలు పని మరుగున పడింది.

పంపు చేసే మేలు అర్థం కావాలంటే ముందుగా బేరింగులో నూనె ఏం చేస్తుందో తెలుసుకోవాలి. 1883 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు అక్కడి మెకానికల్ ఇంజినీర్ల సంస్థ తరఫున రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు పైభాగంలో ఒక రంధ్రం వేయగా, షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి నూనె పైకి పొంగుకొచ్చింది; బిరడా పెట్టి మూస్తే ఆ బిరడానూ తోసేసింది; అక్కడ ప్రెషర్ మీటరు బిగిస్తే ముల్లు 200 పీఎస్ఐ దాటిపోయింది. తిరిగే షాఫ్ట్ తన ఒంటికి అంటిన నూనెను ఇరుకైన సందులోకి ఈడ్చుకుపోతుందని, ఆ ఇరుకులో నూనెకు పుట్టే ఒత్తిడే పై బరువునంతా ఎత్తి పట్టుకుంటుందని 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్త గణితపరంగా నిరూపించాడు. నేటి డీజిల్ ఇంజిన్ బేరింగులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆయిల్ పంపు ఇచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు మూడు నుంచి ఐదు కిలోలు ఉంటే, మంట పుట్టిన క్షణాన బేరింగులోని నూనె పొర మోసే ఒత్తిడి వందల కిలోలు ఉంటుంది. కాబట్టి క్రాంక్ షాఫ్ట్‌ను ఎత్తి పట్టుకునేది పంపు కాదు. ఆ పొర పక్కలకు జారిపోతున్న కొద్దీ దాన్ని మళ్లీ నింపడం, పోతూ పోతూ అక్కడి వేడిని మోసుకుపోయేలా చేయడం పంపు బాధ్యత. ఆ సరఫరా కొద్ది సెకన్లు ఆగినా పొర పలచబడి, బేరింగు లోహం షాఫ్ట్‌కు తగిలి, వేడెక్కి, కరిగి పట్టేస్తుంది.

గేరు పంపు నిర్మాణం చాలా సరళమైనది. ఒక గుల్ల పెట్టెలో, అంటే పంపు బాడీలో, సమానమైన రెండు గేర్లు పక్కపక్కనే అమరి ఉంటాయి. ఒక గేరును ఇంజిన్ తిప్పుతుంది, అది రెండో గేరును తిప్పుతుంది. నూనె ఈ రెండు గేర్ల నడిమి నుంచి దూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, జరిగేది దానికి విరుద్ధం. సక్షన్ వైపున పళ్లు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతున్నప్పుడు అక్కడ చోటు పెరిగి నూనె లోపలికి వస్తుంది. ఆ నూనె ఒక్కో పంటికీ మరో పంటికీ మధ్యనున్న గుంటల్లో నిండి, బాడీ గోడను ఒరుసుకుంటూ, గేర్ల వెలుపలి అంచుల వెంబడి రెండు పక్కల నుంచీ చుట్టి వచ్చి డెలివరీ వైపుకు చేరుతుంది. అక్కడ పళ్లు మళ్లీ కలుసుకోవడంతో గుంటల్లో చోటు పోయి నూనె బయటికి తోయబడుతుంది. నడిమిన కలిసి ఉన్న పళ్లు చేసే పని నూనె వెనక్కి పోకుండా తలుపులా మూసి ఉంచడమే. గేరు ఒక చుట్టు తిరిగితే ఇంత నూనె అని లెక్క కచ్చితంగా ఉంటుంది కనుకనే ఇటువంటి పంపును నిర్ణీత పరిమాణపు పంపు అంటారు. ఒక పంపు చుట్టుకు 40 ఘన సెంటీమీటర్ల నూనె తోస్తుందని, నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుందని అనుకుంటే, అది నిమిషానికి 80 లీటర్ల నూనె అవుతుంది. చాంబర్‌లో ఉన్నది 16 లీటర్లే అయితే ఆ నూనె మొత్తం నిమిషానికి ఐదుసార్లు ఇంజిన్‌ను చుట్టి వస్తుందన్నమాట.

పళ్లు కలిసే చోట మరో చిన్న ఏర్పాటు ఉంటుంది. ఒక జత పళ్లు పూర్తిగా విడివడకముందే తరువాతి జత కలుస్తుంది కనుక ఆ రెండు జతల మధ్య కొద్దిపాటి నూనె చిక్కుకుపోతుంది. నూనె నలగదు కాబట్టి ఆ చోటు కుంచించుకుపోయేసరికి అక్కడ ఒత్తిడి విపరీతంగా పెరిగి గేర్లను విడదీయాలని చూస్తుంది. దీన్ని నివారించడానికి పంపు మూత లోపలివైపున, పళ్లు కలిసే చోటికి ఎదురుగా, ఒక చిన్న గాడి తీసి ఉంటుంది. చిక్కుకున్న నూనె ఆ గాడిలోంచి తప్పించుకుపోతుంది. అరిగిన మూతను గ్రైండింగ్ చేయించేటప్పుడు ఈ గాడి లోతు తగ్గిపోతుందన్న విషయం చాలామందికి తట్టదు. అలా చేసిన పంపు ప్రెషర్ బాగానే ఇస్తుంది, కానీ మోత పెడుతుంది, బుష్‌లను త్వరగా తినేస్తుంది.

రెండో రకం పంపులో గేర్లు పక్కపక్కన కాక, ఒకదానిలో ఒకటి ఉంటాయి. నక్షత్రాకారంలో ఉండే లోపలి రోటర్‌కు, దాని చుట్టూ ఉండే కంకణం వంటి బయటి రోటర్ కన్నా ఒక పన్ను తక్కువ. రెండింటి కేంద్రాలూ కొంచెం జరిగి ఉండటం వల్ల, రెండూ ఒకే దిశలో తిరుగుతున్నప్పుడు వాటి నడిమి గదులు ఒక అర్ధభాగంలో విప్పారుతూ నూనెను పీల్చుకుంటాయి, మరో అర్ధభాగంలో ముడుచుకుంటూ తోసేస్తాయి. దీనినే జెరోటర్ పంపు అంటారు. కమిన్స్ బీ సిరీస్‌కు చెందిన ఆరు సిలిండర్ల, 5.9 లీటర్ల 6బీటీ ఇంజిన్‌లో ఉన్నది ఈ రకమే. జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ కర్మాగారంలో తయారై ఈ దేశపు లారీల్లో విస్తారంగా వాడుకలోకి వచ్చిన ఇంజిన్ కావడం వల్ల, విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ ఆటోనగర్‌లోనో ఏ పాత మెకానిక్‌కైనా దీని పంపు సుపరిచితం. ఇందులో పంపు ఇంజిన్ ముందు భాగంలో, గేర్ల కవరు వెనుక ఉంటుంది. క్రాంక్ గేరు ఒక ఐడ్లర్ గేరును, ఆ ఐడ్లర్ పంపు గేరును తిప్పుతాయి. మరికొన్ని ఇంజిన్లలో పంపు చాంబర్ లోపలే మునిగి ఉండి కామ్ షాఫ్ట్ నుంచి నిలువు కడ్డీ ద్వారా తిరుగుతుంది. రూపం ఏదైనా, అరుగుదల సూత్రం ఒక్కటే.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. పంపు ప్రెషర్‌ను పుట్టించదు, ప్రవాహాన్ని మాత్రమే ఇస్తుంది. తోటకు నీళ్లు పెట్టే గొట్టం చివర బొటనవేలు అడ్డుపెడితే నీరు ఒత్తిడితో దూరంగా చిమ్మినట్లే, పంపు తోసిన నూనెకు బేరింగుల సన్నని సందులు అడ్డు తగలడం వల్ల ప్రెషర్ ఏర్పడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే వర్క్‌షాపులో సగం పొరపాట్లు తప్పుతాయి, ఎందుకంటే మీటరు ముల్లు పడిపోవడానికి పంపు తక్కువ నూనె ఇవ్వడం ఒక కారణమైతే, బేరింగులు అరిగి అడ్డు తగ్గిపోవడం అంతే బలమైన మరో కారణం. బేరింగులు వదులైన ఇంజిన్‌కు కొత్త పంపు బిగిస్తే కొద్దిరోజులు ముల్లు కొంచెం లేస్తుంది, యజమాని సంతోషిస్తాడు, బేరింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి.

ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ పంపు తోసే నూనె కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది గానీ, బేరింగులకు అంత నూనె అక్కర్లేదు. ఆ మిగులును తిరిగి సక్షన్ వైపుకో చాంబర్‌కో వదిలేయడానికి స్ప్రింగుతో పనిచేసే రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. 6బీటీ ఇంజిన్‌లో ఈ వాల్వ్ 65 పీఎస్ఐ దగ్గర, అంటే సుమారు నాలుగున్నర కిలోల దగ్గర తెరుచుకుంటుంది. అదే ఇంజిన్‌కు, నూనె పూర్తిగా వేడెక్కిన తరువాత, ఐడ్లింగ్‌లో 10 పీఎస్ఐ, అంటే 0.7 కిలో, పూర్తి వేగంలో 30 పీఎస్ఐ, అంటే సుమారు 2.1 కిలోలు ఉండటం కనీస హద్దుగా తయారీదారు నిర్ణయించాడు. ఈ అంకెలు అన్ని ఇంజిన్లకూ వర్తించవు. ప్రతి ఇంజిన్‌కూ దాని మాన్యువల్‌లో దాని అంకెలు ఉంటాయి. డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం వెలిగేది ప్రెషర్ దాదాపు ఐడ్లింగ్ హద్దుకు పడిపోయినప్పుడే కనుక, రోడ్డు మీద పూర్తి లోడుతో వేగంగా పోతున్నప్పుడు ప్రెషర్ ఒక కిలోకు దిగజారినా ఆ దీపం వెలగకపోవచ్చు. ప్రెషర్ మీటరు ఉన్న వాహనంలో దీపం కోసం ఎదురుచూడటం డ్రైవర్ చేయకూడని పని.

గేర్ల ఆరోగ్యం అంతా సందుల్లో ఉంది. గేరు ముఖానికీ మూతకూ మధ్యనున్నది పక్క సందు. పంటి కొనకూ బాడీ గోడకూ, జెరోటర్‌లో అయితే పంటికీ పంటికీ మధ్యనున్నది కొన సందు. ఈ సందుల్లోంచి డెలివరీ వైపు నూనె కొంత వెనక్కి, సక్షన్ వైపుకు కారుతూనే ఉంటుంది. ఆ కారుడు అదుపులో ఉన్నంతకాలం నష్టం లేదు, పైగా గేర్ల ముఖాలకు తడి కూడా అదే. అయితే ఇరుకైన సందులో ద్రవం కారే పరిమాణం ఆ సందు మందపు ఘనం లెక్కలో పెరుగుతుందన్నది ద్రవశాస్త్ర నియమం. సందు రెట్టింపైతే కారుడు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అరుగుదలకే కొన్ని పంపులు చేతులెత్తేయడానికి కారణం ఈ ఘనమే. ‘కంటికి బాగానే ఉంది’ అన్న మాటకు ఆయిల్ పంపు విషయంలో విలువ లేకపోవడానికీ అదే కారణం.

సందుల్లోని ఈ కారుడే మరో చిక్కుముడిని కూడా విప్పుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ముల్లు నిటారుగా నిలిచే ఇంజిన్‌లో, మధ్యాహ్నం లోడుతో వచ్చి ఆగి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ముల్లు ఎందుకు కూలబడుతుంది? 15డబ్ల్యూ-40 రకం నూనె చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్‌లు ఉంటే, 100 డిగ్రీల దగ్గర 14, 15 సెంటీస్టోక్‌లే ఉంటుంది. అంటే ఏడెనిమిదింతలు పలచబడుతుంది, అదే మేరకు సందుల్లో కారుడు పెరుగుతుంది. ఐడ్లింగ్‌లో పంపు తోసే నూనె పూర్తి వేగంలో తోసేదానిలో మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది గానీ, సందులో కారుడు వేగాన్ని బట్టి తగ్గదు. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన ఆ స్థితిలో అరిగిన పంపు, అరిగిన బేరింగు ముందుగా బయటపడతాయి. అందుకే వేడి ఇంజిన్‌లో, ఐడ్లింగ్‌లో చూసిన ప్రెషర్ చెప్పినంత నిజం చల్లటి ఇంజిన్‌లో చూసింది చెప్పదు. పంపు బాడీ అల్యూమినియంది, గేర్లు ఉక్కువి అయిన చోట మరో సంగతి తోడవుతుంది: ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక వేడి మీద సందు ఇంకొంచెం విప్పారుతుంది.

గేర్లు అరగడానికి అసలు కారణం వాటి స్థానంలోనే ఉంది. ఇంజిన్‌లో మిగతా భాగాలన్నీ ఫిల్టర్ దాటి వచ్చిన నూనెను తాగుతుంటే, ఫిల్టర్‌కు ముందు ఉండి వడకట్టని నూనెను మింగాల్సివచ్చేది పంపు ఒక్కటే. దానికి రక్షణగా సక్షన్ గొట్టం చివర ఉండే స్ట్రెయినర్, అంటే తీగ జల్లెడ, ముక్కలను, పెద్ద రజనును ఆపగలదే గానీ మెత్తటి ఇసుకను, మసిని, లోహపు పొడిని ఆపలేదు. రోడ్డు దుమ్ములో ఉండే సిలికా సాధారణ ఇనుము కన్నా ఎంతో కఠినం. అది పంటి కొనకూ బాడీకీ మధ్య చిక్కితే గీత పడి తీరుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, కరీంనగర్ రాళ్ల గుట్టల్లో, సింగరేణి ఓపెన్ కాస్ట్ గనుల్లో తిరిగే టిప్పర్లకు, డంపర్లకు ఈ ప్రమాదం హైవే మీద తిరిగే బస్సు కన్నా చాలా ఎక్కువ. ఈ దుమ్ము చాంబర్‌లోకి నేరుగా రాదు. ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉండే రబ్బరు గొట్టం పగిలినా, దాని క్లిప్పు వదులైనా, సిలిండర్‌లోకి పోయి, రింగుల పక్కనుంచి నూనెలో కలుస్తుంది. ఆయిల్ పంపును కాపాడే పని ఎయిర్ ఫిల్టర్ గొట్టం క్లిప్పు దగ్గర మొదలవుతుందంటే వింతగా తోచవచ్చు గానీ, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. చాంబర్‌లోకి దుమ్ము చేరే రెండో దారి, మూత లేని డబ్బాల్లోంచి, తుడవని గరాటుతో నూనె పోయడం.

ఇసుక కాకుండా పంపును చంపే మరో శత్రువు గాలి. స్ట్రెయినర్ మసితో పూడుకుపోయినా, అతిచల్లటి చిక్కటి నూనెతో స్టార్ట్ చేసిన వెంటనే ఇంజిన్‌ను రైజ్ చేసినా, గేర్లు అడిగినంత నూనె సక్షన్ గొట్టంలో రాదు. అప్పుడు అక్కడ ఒత్తిడి పడిపోయి, నూనెలో బుడగలు పుట్టి, డెలివరీ వైపుకు చేరగానే అవి చిట్లుతూ పంటి ముఖాన్ని గుంటలు గుంటలుగా పెకలిస్తాయి. దీన్ని కావిటేషన్ అంటారు. సక్షన్ గొట్టం జాయింటు దగ్గర ప్యాకింగ్ చిరిగితే బయటి గాలి నేరుగా లోపలికి వస్తుంది. చాంబర్‌లో నూనె మట్టం తక్కువగా ఉన్న లారీ శ్రీశైలం, అరకు వంటి ఘాట్ రోడ్లు ఎక్కేటప్పుడు నూనె ఒక పక్కకు ఒరిగి, స్ట్రెయినర్ గాలిని మింగే అవకాశం ఉంటుంది. మట్టం మరీ ఎక్కువైనా మంచిది కాదు. క్రాంక్ షాఫ్ట్ నూనెను చిలికి నురుగు చేస్తుంది, ఆ నురుగే పంపులోకి పోతుంది. డిప్‌స్టిక్ మీద రెండు గీతలు ఉన్నది ఈ రెండు తప్పులూ జరగకూడదనే.

చాంబర్ బిగించేటప్పుడు ప్యాకింగ్‌కు అదనంగా సిలికాన్ పేస్టును ధారాళంగా పూయడం ఇప్పుడు పరిపాటి అయింది. ఫ్లాంజి బిగుసుకున్నాక బయటికి పొంగిన పేస్టు కంటికి కనబడుతుంది, దాన్ని తుడిచేస్తారు. లోపలికి పొంగింది మాత్రం ఆరి, తాడులా ఊడి, నూనెతో కొట్టుకుపోయి జల్లెడకు అంటుకుంటుంది. కొత్తగా ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్‌లో కొద్దిరోజులకే ప్రెషర్ పడిపోవడం, చాంబర్ విప్పి చూస్తే జల్లెడ మీద రబ్బరు ముక్కల గుత్తి కనబడటం వర్క్‌షాపులకు కొత్త కాదు. గేర్లను తుడవడానికి వాడే బనియన్ వేస్టు పోగులు కూడా ఇలాగే జల్లెడ చేరతాయి. పేస్టును సన్నటి గీతగా మాత్రమే వేయడం, విడి భాగాలను డీజిల్‌తో కడిగి గాలితో ఆరబెట్టడం ఈ బాధకు చవకైన మందు.

ప్రెషర్ తగ్గిందని తెలిసినప్పుడు పంపు మీద చెయ్యి వేయకముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ముందుగా ఇంజిన్ ఆపి నూనె మట్టం చూడాలి. మట్టం ఎప్పటికన్నా పెరిగి, నూనె పలుచగా, డీజిల్ వాసనతో ఉంటే ఫీడ్ పంపు నుంచో ఇంజెక్టర్ నుంచో డీజిల్ కారుతోందని, పాలరంగుకు తిరిగితే రేడియేటర్ నీళ్లు కలుస్తున్నాయని అర్థం. ఈ రెండు సందర్భాల్లో గేర్ల తప్పేమీ లేదు. తరువాత డాష్‌బోర్డు మీటరును నమ్మకుండా, బ్లాకు మీది గ్యాలరీ ప్లగ్గు విప్పి, అక్కడ మెకానికల్ ప్రెషర్ మీటరును బిగించి, ఇంజిన్ వేడెక్కాక చూడాలి, ఎందుకంటే చెడిపోయిన సెండర్ యూనిట్ వల్ల విప్పబడిన మంచి ఇంజిన్లు తక్కువేమీ కాదు. ఆ మీటరు కూడా తక్కువే చూపితే రిలీఫ్ వాల్వ్ విప్పి, అందులో చెత్త ఇరుక్కుని వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో పరిశీలించాలి. ఆ తరువాతే చాంబర్ విప్పి స్ట్రెయినర్, సక్షన్ ప్యాకింగ్, బేరింగులు, చివరగా పంపు చూడాలి. ప్రెషర్ నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తే అది అరుగుదల. ఉన్నట్టుండి సున్నాకు పడిపోతే పంపు తిప్పే గేరు విరగడమో, కీ తెగడమో, సక్షన్ గొట్టం ఊడటమో జరిగి ఉంటుంది, అప్పుడు వాహనాన్ని పక్కకు తీసి ఆపేంత సేపు తప్ప ఇంజిన్‌ను ఒక్క నిమిషం కూడా నడపకూడదు.

తక్కువ ప్రెషర్‌కు మందుగా చలామణి అవుతున్న రెండు చిట్కాలను ఇక్కడ తప్పుబట్టక తప్పదు. రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు వెనుక ఒక వాషర్ వేసి స్ప్రింగును బిగించడం మొదటిది. వేడి మీద ఐడ్లింగ్‌లో ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడు ఆ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది కనుక దాన్ని మరింత బిగించినందువల్ల అసలు రోగానికి ఏ మేలూ జరగదు. జరిగేదల్లా, చల్లటి స్టార్టింగులో ప్రెషర్ హద్దు దాటి పెరిగి, ఫిల్టర్ సీలు, ఆయిల్ కూలర్, పంపు డ్రైవ్ గేర్ల పళ్లు దెబ్బతినడం. రెండోది, నిర్దేశించిన దానికన్నా చిక్కటి నూనెనో, నూనెను చిక్కబరిచే మందునో పోయడం. ముల్లు లేస్తుంది, నిజమే. కానీ చిక్కటి నూనె చల్లటి ఇంజిన్‌లో టర్బోకు, రాకర్లకు ఆలస్యంగా చేరుతుంది, అరుగుదలను కళ్లకు కనబడకుండా కప్పిపెడుతుంది. లోడు లారీలో నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరగగల టర్బో షాఫ్ట్‌కు ఆ ఆలస్యం చాలా ఖరీదైనది.

పంపును విప్పినప్పుడు ముందు చూపు, ఆ తరువాత కొలత. గేరు పంపులో డెలివరీ వైపు ఒత్తిడి గేర్లను ఎప్పుడూ సక్షన్ వైపుకు నెడుతూ ఉంటుంది కనుక బాడీ గోడ మీద సక్షన్ వైపున కొంచెం మెరిసే చార ఉండటం సహజం. ఆ చార గోరుకు తగిలేంత లోతుగా ఉంటే బుష్‌లు అరిగి, షాఫ్ట్ పక్కకు జరిగి, పళ్లు బాడీని కోస్తున్నాయని గ్రహించాలి. మూత లోపలివైపు గేర్ల ఆకారంలో వలయాలు పడ్డాయా, పంటి ముఖం మీద గుంటలు ఉన్నాయా, పంటి మొదట్లో పగులు గీత ఉందా అన్నవి మంచి వెలుతురులో చూడాలి. జెరోటర్‌లో లోపలి, బయటి రోటర్లు జతగా అరిగి ఉంటాయి. విప్పేటప్పుడు ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టి, తిరిగి అలాగే కూర్చాలి, ఒక పంపు లోపలి రోటర్‌ను మరో పంపు బయటి రోటర్‌తో కలపకూడదు.

కొలతకు కావలసిన పనిముట్లు ఒక ఫీలర్ గేజ్, ఒక నిటారైన ఉక్కు పట్టీ మాత్రమే. ఫీలర్ గేజ్ అంటే వేరువేరు మందాలున్న సన్నటి ఉక్కు రేకుల కట్ట. సందులో ఏ రేకు కొద్దిపాటి బిగువుతో దూరితే ఆ సందు అంత. 6బీటీ పంపు విషయంలో, వెనుక పలక తీసి, లోపలి రోటర్ పంటి కొనకూ బయటి రోటర్ పంటికీ మధ్య రేకు దూర్చి చూస్తే ఆ సందు 0.178 మిల్లీమీటర్లు దాటకూడదు. ఉక్కు పట్టీని బాడీ మీద అడ్డంగా పెట్టి, పట్టీకీ రోటర్ల ముఖాలకూ మధ్య చూస్తే 0.127 దాటకూడదు, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య 0.381 దాటకూడదు. అంగుళంలో వెయ్యో వంతును ‘థౌ’ అని పిలిచే వర్క్‌షాపు భాషలో ఇవి ఏడు, ఐదు, పదిహేను థౌలు. మూడింటిలో పక్క సందుకే అతి తక్కువ హద్దు ఉండటం గమనించదగ్గది. డ్రైవ్ గేర్ల పళ్ల మధ్య ఆట, అంటే బ్యాక్‌లాష్, 0.08 నుంచి 0.33 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువైతే పళ్లు కొట్టుకుంటాయి, తక్కువైతే వేడి మీద బిగుసుకుంటాయి. ఈ కొలతలన్నీ తీయడానికి అరగంట కూడా పట్టదు.

హద్దు దాటిన పంపుకు గేర్లు మాత్రమే మార్చడం చాలా సందర్భాల్లో వృథా ఖర్చు, ఎందుకంటే అరిగిన బాడీలో కొత్త గేరు పెట్టినా కొన సందు పెద్దగా తగ్గదు. పంపును మొత్తంగా మార్చడమే సబబు. మూత ఒక్కటే అరిగి, మిగతా కొలతలు సరిగ్గా ఉంటే, ఆ మూతను సమతలం చేయించి, నూనె తప్పించుకునే గాడి లోతును సరిచూసి వాడుకోవచ్చు. బజారులో ఒరిజినల్ పంపు పక్కనే సగం ధరకు దొరికే లోకల్ పంపు కొన్నప్పుడు కూడా, కొత్తది కదా అని నేరుగా బిగించకుండా, ఇవే సందులు దుకాణంలోనే కొలిచి చూసుకోవడం మంచిది. కొత్తదనం వేరు, సరైన కొలత వేరు.

బిగింపులోనూ జాగ్రత్త అవసరం. 6బీటీ పంపును సరిగ్గా కూర్చినప్పుడు దాని వెనుక పలక బ్లాకు రంధ్రం అడుగున ఆనుతుంది, ముందున్న ఫ్లాంజికీ బ్లాకుకూ మధ్య కొంచెం ఖాళీ మిగులుతుంది. ఈ సంగతి తెలియని వారు ఆ ఖాళీని లోపంగా భావించి, ఫ్లాంజి ఆనేదాకా బోల్టులు బిగించబోయి పంపును పాడు చేసుకుంటారు. బిగించే ముందు పంపు లోపల శుభ్రమైన నూనె నింపాలి. ఎండిన గేర్లు గాలిని తిప్పుతాయే గానీ నూనెను పీల్చలేవు, పైగా ఆ కొద్దిసేపట్లోనే ముఖాల మీద గీతలు పడతాయి. స్టార్ట్ చేశాక 15 సెకన్ల లోపు ప్రెషర్ కనబడకపోతే ఇంజిన్ ఆపేయాలి.

రోజువారీ వాడకంలో డ్రైవర్ చేయగలిగింది తక్కువేమీ కాదు. స్టార్ట్ చేసిన వెంటనే రైజ్ చేయకుండా ముల్లు లేచేదాకా ఆగడం, లోడుతో వచ్చాక ఇంజిన్‌ను మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి టర్బో చల్లబడ్డాక ఆపడం, నూనె మార్పు గడువును సరుకు రవాణా ఒత్తిడిలో దాటించకుండా ఉండటం వీటిలో ముఖ్యమైనవి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల ఇంజిన్లకు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది కనుక బూడిద తక్కువగా ఉండే సీకే-4 తరహా నూనెలు కావాలి. పాత ఇంజిన్ కోసం కొన్న డ్రమ్ములోంచి వీటికి పోయడం తగదు. ఎక్కువ వాహనాలున్న సంస్థలు, గనులు, పాత నూనె నమూనాను ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంటే, అందులో సిలికాన్, ఇనుము కలిసి పెరగడం దుమ్ము అరుగుదలకు, సీసం, రాగి పెరగడం బేరింగుల అరుగుదలకు గుర్తని ముందే తెలుస్తుంది.

ఇంజిన్ పని చేయించే ప్రతి లారీ యజమానీ మెకానిక్‌ను ఒక్కటి అడగాలి: పంపు విప్పారా, పక్క సందు ఎంత, కొన సందు ఎంత, బాడీ సందు ఎంత అని. ఆ మూడు అంకెలనూ బిల్లు మీద రాయించుకుని దాచుకుంటే, మరోసారి ప్రెషర్ తగ్గినప్పుడు పంపు అరిగిందా బేరింగు అరిగిందా అన్న వాదనకు తావుండదు.